కుట్టు వయసు

ఐదేళ్లు, అంటుంది మెడ వెనక చీటీ.
పదేళ్లు, అంటాడు అమ్మినవాడు, బేరం కుదిరేదాకా.
నా బొటనవేలు మాత్రం ఏ లెక్కా చెప్పదు.
మోచేతి కుట్టు మీద ఆని, నొక్కి, ఊరుకుంటుంది.

వేల్స్ కొండల్లో మా ఊరు.
ఇక్కడ వాన ఋతువు కాదు, పొరుగింటి మనిషి.
తలుపు కొట్టకుండా వస్తుంది,
కాలరులోంచి దిగి నడుం దాకా పలకరిస్తుంది.
పలకరాయి తవ్వి తవ్వి కొండలన్నీ బూడిద గుట్టలైనచోట
మోటారుసైకిళ్ల వాళ్ల తోలుకోట్లు కుడతాను,
ఇరవై రెండేళ్లుగా.
(నా సొంత కోటు మోకాటి దాకా వస్తుంది,
దాని మెత్తలు మార్చి పదమూడేళ్లు.
ఎవరికీ చెప్పకండి.)

అక్టోబరులో ఇద్వాల్ వచ్చాడు,
రొట్టెల సంచిలో మడిచిన నల్లకోటుతో.
"దీనికి ఇంకెన్నాళ్లుంది, హేల్వెన్?"
ఆసుపత్రి వరండాలో అడిగినట్టు అడిగాడు,
గొంతు తగ్గించి.

బల్ల మీద పరిచాను.
తోలు బాగుంది. అదే వచ్చిన చిక్కు.
తోలు ఎన్నాళ్లకైనా మెరుస్తుంది.
దారం లోలోపలే పోతుంది,
చెమట తాగి, ఎండ తాగి, వాన తాగి,
తడికోటు పొయ్యి పక్కన ఆరేస్తే ఆ సెగ కూడా తాగి.
పైకి నల్లగా, బుద్ధిగా, వరసగా కనబడుతుంది.
లాగితే
ఎండుపుల్లలా పుటుక్కుమంటుంది.
భుజంలో మెత్త బయటికి తీశాను,
పాత తేనెపట్టులా నా ఒళ్లో పొడి రాలింది.
ఒక్క ఇత్తడి జిప్పు మాత్రం ఇంకా మాట వింటోంది.

ఎడమ మోచేతి దగ్గర
జానెడు బూడిదరంగు గీత,
పలక మీద బలపంతో కసిగా గీసినట్టు.
"ఇదెప్పటిది?"
కిటికీ వైపు చూశాడు.
"కోటు నాది కాదు, నెరిస్‌ది.
కనుమ దిగుతుంటే గొర్రె అడ్డం వచ్చింది, తొంభై ఏడులో.
లేచి ముందు గొర్రెని చూసింది,
తర్వాత బండిని,
ఆఖర్న నన్ను."
కాసేపు ఊరుకున్నాడు.
"మనవరాలికి లైసెన్సు వచ్చింది.
భుజాలు అచ్చం వాళ్ల నాయనమ్మవే.
ఎంతైనా సరే, కుట్టిపెట్టు."

ఏం చెప్పను?
ఏళ్లతో కొలిచేది కాదు ఇద్వాల్ ఇది,
అలమారలో వేలాడిన ఏళ్లు కూడా దీన్ని తిన్నాయి.
నెరిస్ చర్మం బదులు ఒకసారి ఇది అరిగింది.
రెండోసారి అరగడానికి
ఇందులో ఎవరూ లేరు.

"కొత్త దారం వేస్తే?"
"సూది పాత రంధ్రాల్లోంచే పోవాలి.
తపాలా బిళ్ల అంచులా చిరుగుతుంది."
"నూనె రాస్తే?"
"మెరుస్తుంది."

టోపీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.
కోటు బల్ల మీదే వదిలి వెళ్లాడు.
తలుపు గంట చాలాసేపు ఊగింది.

మార్చిలో ఒక పొడి ఉదయం
దుకాణం ముందు నుంచి ఎర్రబండి మీద ఒక పిల్ల దూసుకుపోయింది.
కొత్తకోటు. చేతులు రెండంగుళాలు పొడుగు.
తీయడం మరిచిన ధర చీటీ
వీపు మీద గాలికి టపటపా కొట్టుకుంటూ.
ఆ భుజాలు చూశాను.
నిజమే చెప్పాడు.

ఇద్వాల్ ఇప్పటికీ వస్తాడు,
చేతితొడుగుల సాకుతో.
కొక్కేనికి ఉన్న కోటు వైపు చూడడు,
తిరిగిమ్మని అడగడు,
నేనూ గుర్తు చేయను.
వీటికి మహా అయితే రెండేళ్లు, అంటాను తొడుగులు ఇస్తూ.
అంతేగా, అంటాడు.

ఎవరూ వేసుకోని దానికి నూనెందుకే,
అని మా అక్క గొణుగుతుంది ఏటా వసంతంలో.
గుడ్డముక్కతో కాలరు రుద్దుతాను,
ఆ జానెడు గీతని మాత్రం వదిలేసి.
తర్వాత జిప్పు గడ్డం దాకా లాగుతాను,
మళ్లీ కిందికి.
మాట వింటుంది.